పెరుగు శివుడి పర్మినెంటు

మా తమ్ముడు శివకృష్ణ చాలా మంచివాడట. వాడు పోయిన రోజు మా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న వాళ్లంతా ఆ మాటే అన్నారు. బతికుండగా ఈ సంగతి వాడికి ఎవరైనా చెప్పారో లేదో నాకు గుర్తు లేదు. మా ఊరు కేతేపల్లిలో వాడి పేరు పెరుగు శివుడు. నల్లగొండ ఆఫీసులో వాడి పేరు ‘ఆగుండ్రి సార్’. ఏ పని చెప్పినా ముందు ఆ రెండు మాటలే అనేవాడు కాబట్టి. ఇంట్లో మేం ఏమని పిలిచేవాళ్లమో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మంచివాడన్నది అబద్ధం కాదు, సగం మాట. మిగతా సగం ఏమిటంటే వాడు గొప్పలు చెప్పుకునే మనిషి. “అక్కా, ఈ జిల్లాల యాడ కేబులు తెగినా ముందుగాల నాకు కల వడ్తది” అనేవాడు. కల పడేదేమో గానీ, కల మధ్యలో ఫోను మోగితే ఎత్తేవాడు కాదు. పెళ్లికి పిలిస్తే భోజనాల దగ్గర కాకుండా డీజే డబ్బా దగ్గర నిలబడి వైర్లు తప్పు కట్టారని తగువు పెట్టుకునేవాడు. వాడి భార్య సుస్మిత వాడితో పెళ్లిళ్లకు పోవడం మానేసింది.

మాది గొర్ల ఇల్లు. మా నాయిన గుర్వయ్య మోకాళ్లు మొరాయించేదాకా మంద వెంట తిరిగి, ఆ తర్వాత గొర్లు అమ్మి రెండు బర్రెలు కట్టేశాడు. తమ్ముడు పాలిటెక్నిక్ చదివి మూసీ–డిండి పాల సంఘంలో కంప్యూటర్ల పనికి చేరాడు. చేరాడు అనడం కూడా తప్పే. అవుట్‌సోర్సింగ్. పని సంఘానిది, జీతం ఒక ఏజెన్సీది, ఆ ఏజెన్సీ హైదరాబాదులో ఎక్కడుందో చూసినవాడు లేడు. ఏళ్లు గడిచినా సంఘం లెక్కల్లో వాడు మనిషి కాదు, ‘సేవ’. ఆఫీసు ఊడ్చే చీపుర్లు, తాగేనీళ్ల డబ్బాలు, మా తమ్ముడు, అందరిదీ ఒకే పద్దు.

ఆ కసితోనే వాడు తన ఫోనుకు ‘శివకృష్ణ పర్మినెంట్’ అని పేరు పెట్టుకున్నాడు. ఆఫీసు వైఫైలో ఆ పేరే కనబడేది. పక్క సీటులో పనిచేసే రూప ఊరుకునేది కాదు.

“ఏందన్నా, ఫోనుకు ఆర్డర్లొచ్చినయా?”

“నాకు రాకపాయె, నా ఫోనుకన్న రానియ్యి చెల్లె.”

ఇలా ఉండగా సంఘం మేనేజరు పరశురాములు సారుకు ఒక ఆలోచన వచ్చింది. సారుకు ఆలోచనలు ఎప్పుడూ హైదరాబాదు మీటింగుల నుంచే వచ్చేవి, అక్కడ పెట్టే జీడిపప్పుతో పాటు. సంఘం కింద ఉన్న పాలకేంద్రాలన్నిటిలో ఏయే యంత్రాలున్నాయో తానే కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. దాని పని పెద్ద రహస్యమేమీ కాదు. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఇంటి నంబరు లాంటిది ఒకటి ఉంటుంది. ఈ నంబరు నుంచి ఆ నంబరు దాకా అని హద్దు గీసి, ఫలానా వేళకని చెబితే, అది రోజూ ఆ వేళకు బయలుదేరి ఇంటింటి తలుపూ తడుతుంది. పలికిన వాళ్లను రాసుకుంటుంది. సంఘం తన డబ్బుతో కొని, తన గదిలో పెట్టి, తన తాళం వేసుకున్న ప్రింటరును మళ్లీ ‘కనుగొనడానికి’ ఇంకొంత డబ్బు పెట్టింది. అభివృద్ధి అంటే అదే.

సోమవారం ఒక ముఖ్య అతిథి వచ్చి మీట నొక్కాలి. ఆ క్షణం నుంచి హద్దును అన్ని ఊళ్లకూ పెంచేసి, రోజూ పొద్దున పాలు పోసే వేళకే తలుపులు తట్టించాలి. యంత్రాలన్నీ ఆన్‌లో ఉండేది అప్పుడే కదా అని సారు లెక్క.

“ఆగుండ్రి సార్,” అన్నాడు మావాడు. “ముందుగాల ఒకటి రెండు ఊర్లల్ల టెస్టు జేద్దాం. పాలు సల్లవరిచే కూలర్లు గూడ గా నెట్‌వర్కుల్నే ఉన్నయి. వాటి మీటర్లు పాతయి. తలుపు దడితే ఎట్ల పలుకుతయో ఏమో.”

“అరే, కంపెనోళ్లు టెస్టు జేసే గదా అమ్మిండ్రు?”

“వాళ్లు ఏసీ రూముల టెస్టు జేసిండ్రు సార్. మనది కేతేపల్లి.”

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడిచాడంటే ఎవరికో ఏదో పోబోతున్నదని ఆఫీసంతా తెలుసు. “శివకృష్ణా, పర్మినెంటు లిస్టు బోర్డుకు పోతాంది. నీ పేరు నేనే రాసిన. మంచి పేరు తెచ్చుకునే టైముల గిట్ల అడ్డం వడితె ఎట్ల?”

ఆ మాట ఇంటికి వచ్చి మాకు చెప్పినప్పుడు వాడి మొహంలో గొప్ప లేదు. అదే మొదటిసారి. ఆ ఉద్యోగం కోసం వాడు ఎంత ఎదురుచూశాడో మా అందరికీ తెలుసు. ఊళ్లో ఎవరు ఎదురైనా “ఏం రా, పర్మినెంటైనవా?” అని అడగడం ఆనవాయితీ అయిపోయింది. వానలు పడ్డాయా అని అడిగినట్టు.

ఎలాగో బతిమాలి రెండు ఊళ్లలో టెస్టుకు సారును ఒప్పించాడు. కేతేపల్లి, హుజూర్‌నగర్. ఇక్కడే మా మేధావి ఒక తప్పు చేశాడు. కేంద్రాలు నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపులో, “రేపు పొద్దుగాల మీ సెంటర్లల్ల ఉన్న అన్ని సామాన్లను లెక్కవెడ్తం, అందరు రెడీ ఉండాలె” అని మెసేజీ పెట్టాడు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఒకే రోజు ఇల్లిల్లూ లెక్క రాసిన సర్వే మా వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ రోజు ఇంట్లో కనబడని మనిషి ఇక లేనట్టే, రేషను పోయినట్టే అని భయపడి బొంబాయి నుంచి, భీవండి నుంచి బస్సుల పైకెక్కి మరీ వచ్చారు జనం. లెక్కపెడతారు అంటే మా జిల్లాలో అర్థం అదొక్కటే. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఆ పూట ఇంట్లో ఉండాలి.

కేతేపల్లి కేంద్రం లీలమ్మది. ఆమె ఆ అర్థమే తీసుకుంది. లెక్కలో రాకపోతే ఏ సామాను ఎత్తుకుపోతారో అని కొడుకు ల్యాప్‌టాపు, ఇంట్లో టీవీ, మరిది దుకాణంలోని బిల్లుల మిషను, చర్చిలో పాటలు వినిపించే పెట్టె, అన్నీ తెచ్చి కేంద్రంలో తగిలించింది. చుట్టాల ఫోన్లన్నీ వైఫైకి కలిపింది. తగిలించడానికి రంధ్రాలు చాలకపోతే కూలరు తీగ పీకి ఆ చోట టీవీ తీగ పెట్టింది. ‘కూలరు ఎట్లైన సంఘందే, దాన్ని ఎవరు కొట్టేస్తరు’ అన్నది ఆమె వాదన.

హుజూర్‌నగర్ కేంద్రంలో యోహాను ఆలోచన వేరు. సర్వేలో బైకు ఉందని నిజం చెప్పి ఏం పోగొట్టుకున్నాడో ఆయనకే తెలుసు. ఈసారి జాగ్రత్త పడ్డాడు. పొద్దున్నే మెయిను స్విచ్ తీసేసి, కేంద్రానికి తాళం వేసి, ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాడు.

“యోహానన్నా, మీ సెంటర్ల ఒక్కటి గూడ కనవడ్తలేదేంది?” అని మావాడు ఫోను చేస్తే, “మేం పేదోళ్లం తమ్మీ, మా దగ్గర ఏముంటది?” అన్నాడట.

కేతేపల్లి లెక్క చూసి పరశురాములు సారు కుర్చీలోంచి లేచాడు. హెడ్డాఫీసు కంటే కేతేపల్లిలోనే యంత్రాలు ఎక్కువ దొరికాయి. “సూసినవా? గిదీ డిజిటల్ పల్లె అంటె!”

“ఆగుండ్రి సార్. అందుల సగం లీలక్క చుట్టాలయి, ఒకటి చర్చిది. అసలు కూలరేది? కూలరే దొరుకలే.”

“అన్ని దొరికినంక ఒక్కటి దొరకకపోతే ఏమైతది?”

“సార్, పెండ్లికి అందరొచ్చి పిల్లగాడు రాకపోతె?”

సారు నవ్వలేదు. ఇంకొక్క టెస్టు, ఈసారి ఎవరికీ చెప్పకుండా, ఒక్క ఊళ్లోనే అని కాళ్లావేళ్లా పడితే, “శుక్రవారం చేసి చావు” అన్నాడు. చేసి చావమన్న ఆయన దీవెన అంత తొందరగా ఫలిస్తుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఆ సాయంత్రం వాకిట్లో అన్నం తింటూ నాయినతో చెప్పాడు. నాయినకు నెట్‌వర్కు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. వాగు పారేటప్పుడు మందను దాటించాలంటే ముందు ఒక పొట్టేలును దింపుతారు. అది అవతలి గడ్డ ఎక్కాకే మంద. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మా వాళ్లలో ఇంకొక కట్టు ఉంది. నలుగురి గొర్లు కలిసిన మందలో, దాటుదాం అని మొదట అన్నవాడి పొట్టేలే నీళ్లలో దిగాలి. పక్కవాడి పొట్టేలుతో లోతు చూసినవాడిని ఆ తర్వాత ఎవరూ మందలో కలుపుకోరు.

“దాటుదాం అన్నది మీ సారే గద రా. మరి సారు పొట్టేలేది?” అన్నాడు నాయిన.

“సారుకు పొట్టేలెక్కడిది నాయినా? సారుకు నేనే పొట్టేలు.”

“అయితె యే ఊర్ల జేస్తవు?”

“మనూర్లనే. ఇంకొకని పాలతోటి టెస్టు జేస్తె మంచిగుండదు.”

నాయిన ముద్ద కలిపాడు. ఆ కూలరులో మా బర్రెల పాలు కూడా ఉంటాయి. “సరే, నేనేం జెయ్యాలె?” అన్నాడు.

నాయిన చేయాల్సింది ఒక్కటే. శుక్రవారం పొద్దున పాలు పోశాక ఇంటికి రాకుండా కూలరు ట్యాంకు పక్కన కూర్చోవాలి. మోటరు మోత ఆగితే వెంటనే ఫోను చేయాలి. అంతే. ఇంత సులువైన పని కాబట్టే అది చెడిపోయింది.

ఎండాకాలం. పొద్దుటి పాలు ట్యాంకులో ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. తమ్ముడు నల్లగొండ నుంచి ఫోను చేసి “షురూ జేస్తున్న నాయినా” అని మీట నొక్కాడు. తెర మీద కూలరు దొరికింది. పక్కనే దాని చల్లదనం నాలుగు డిగ్రీలని చూపించింది. వాడు తెరనే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు. టీ తాగి వచ్చి చూశాడు. నాలుగు. నాయిన దగ్గర నుంచి ఫోను లేదు. వెనక నిలబడి చూసిన పరశురాములు సారు, “మా ఇంట్ల ఫ్రిజ్జు గూడ గింత కరెక్టుగ ఉండది. ఇగ సోమవారం అన్ని ఊర్లు పెట్టెయ్” అని భుజం తట్టి వెళ్లాడు. ఆ భుజం తట్టడం గురించి మావాడు సుస్మితకు వెంటనే ఫోను చేసి చెప్పాడు కూడా.

మధ్యాహ్నం పాలు తీసుకుపోయే ట్యాంకరు వచ్చింది. డ్రైవరు ఎల్లస్వామి ఎప్పటిలాగే గిన్నెలో కొన్ని పాలు పట్టి పొయ్యి మీద కాచాడు. పాలు విరిగిపోయాయి. ఇంకోసారి కాచాడు. మళ్లీ అంతే.

“లీలక్కా, ఇయ్యి పాలు గావు, పెరుగుకు తమ్ముండ్లు,” అని మూత పెట్టేసి ఖాళీ ట్యాంకరుతో వెళ్లిపోయాడు.

లీలమ్మ ఫోను చేయగానే మావాడు మళ్లీ తెర చూశాడు. తెర మీద ఇంకా నాలుగు డిగ్రీలే. తలుపు తట్టగానే ఆ పాత మీటరు బిగుసుకుపోయింది. మోటరును ఆపేసింది. కిందటి రోజు పాలు చల్లబడ్డప్పటి పాత అంకెనే పట్టుకు కూర్చుంది. కొందరు పెద్దమనుషులు పదవి పోయాక కూడా పాత విజిటింగ్ కార్డే పంచినట్టు.

వెంటనే నాయినకు ఫోను చేశాడు. ఆ సంభాషణ ఆ తర్వాత మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో, నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

“నాయినా, మోత ఆగిందా?”

“ఆగింది.”

“ఎప్పుడాగింది?”

“నువ్వు షురూ అన్నవు సూడు, జరసేపటికే.”

“మరి నాకెందుకు జెప్పలే?”

“పొద్దటికెల్లి చెవులు తూట్లు వడేటట్టు ఒర్రుతుండె. నువ్వే బందు జేయించినవనుకున్న. సల్లగ బతుకు కొడుకా అనుకుంట గట్లనే కన్ను మూసిన.”

ఆ సాయంత్రం కేతేపల్లి పాడి రైతులంతా ఎవరి క్యాన్లు వాళ్లు పట్టుకొని పుల్లబడ్డ పాలు తెచ్చుకున్నారు. ఎవరి బర్రె పాలు ఎవరింటికి పోయాయో దేవుడికే ఎరుక. పారబోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. తోడు పెట్టారు. తర్వాతి రోజుల్లో ఊళ్లో ఏ ఇంటికి పోయినా పెరుగే, చల్లే. చల్ల తాగి తాగి పిల్లలు ఏడ్చారు. కుక్కలు కూడా పెరుగు అన్నాన్ని వాసన చూసి పక్కకు పోయాయట. ఈ చివరి మాట తమ్ముడే కలిపి ఉంటాడని నా అనుమానం. అప్పుడే వాడికి పెరుగు శివుడు అని పేరు పడింది. మా నాయిన ముఖం మీదే అన్నారు. నాయిన మాత్రం, “నా కొడుకు పక్కూరి పాలు ముట్టలే, మనయే ఇరగ్గొట్టిండు” అని సమర్థించుకున్నాడు. ఆ సమర్థనకు ఇంకో నాలుగు తిట్లు తిన్నాడు.

శనివారం తమ్ముడు సారు గదిలోకి వెళ్లాడు. రూప తలుపు దగ్గర ఫైళ్లు సర్దుతున్నట్టు నిలబడి అంతా విన్నది.

“టెస్టు అంటే ఏంది?” అన్నాడు సారు. “దొరుకుతదా, దొరకదా? కూలరు దొరికిందా లేదా?”

“దొరికింది సార్. దొరికినంక సచ్చింది.”

“గది పాత పెట్టె. మిగిలిన ఊర్లల్ల మంచిగనే ఉంటయి.”

“అన్ని ఊర్ల పెట్టెలు ఒక్క లారీల దిగినయే సార్.”

“సోమవారం పెద్దసారు వచ్చి మీట నొక్కుతడు. కార్డులు పంచినం. శామియానా జెప్పినం. ఇప్పుడు ఆపమంటవా?” సారు కళ్లద్దాలు తీశాడు. “లిస్టు నా టేబులు మీదనే ఉన్నది శివకృష్ణా. సంతకం ఒక్కటే బాకీ.”

 రూప మనసులో ‘సరే అను, సరే అను’ అనుకున్నదట. మావాడు గొంతు సవరించుకొని, జీవితంలో ఎన్నోసార్లు ఊరికే వాడి అరగదీసిన మాటను అప్పుడు నిజంగా అన్నాడు.

“ఆగుండ్రి సార్.”

హద్దులు గీసే తాళంచెవి, అదే పాస్‌వర్డు, వాడి దగ్గరే ఉంది. ఇంకొకరికి ఆ పని రాదు. వాడు గీయనన్నాడు. గీస్తే మంగళవారం నాడు అన్ని ఊళ్ల పాడి రైతులూ క్యాన్లతో శామియానా కిందికే వస్తారని, అందరికీ సరిపడా చల్ల గ్లాసులు తెప్పించుకొమ్మని కూడా అన్నాడట. వినయం అన్నది మావాడికి ఎప్పుడూ అబ్బలేదు.

సోమవారం కార్యక్రమం ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి మీట నొక్కాడు. హద్దు హెడ్డాఫీసు గోడలు దాటలేదు గానీ ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెద్ద తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి. మేనేజరు గది ప్రింటరు. చప్పట్లు. గేటు కెమెరా. చప్పట్లు. ఆ తర్వాత ‘శివకృష్ణ పర్మినెంట్’.

అతిథి చదివాడు. “గీ పర్మినెంట్ ఎవరు?”

“మా స్టాఫే సార్,” అన్నాడు పరశురాములు సారు, చిరునవ్వుతో. దానికీ చప్పట్లు కొట్టారు.

అందరికంటే గట్టిగా కొట్టింది తానేనని మావాడు చెప్పుకునేవాడు. ఆ వారమే లిస్టు బోర్డుకు పోయింది. అందులో వాడి పేరు లేదు. కారణం అడిగితే ‘పనితీరు’ అన్నారు. కేతేపల్లి పాల నష్టం వాడి పనితీరు కింద పడింది. మిగిలిన ఊళ్లలో విరగని పాలు ఎవరి పనితీరు కిందా పడలేదు. పోయిన పాలకు సాక్ష్యం ఉంటుంది, పోని పాలు ట్యాంకరెక్కి వెళ్లిపోతాయి.

ఆ తర్వాత వాడే ఒక్కొక్క ఊరికీ బండి మీద పోయి, కూలర్ల నంబర్లు వదిలేసి, మిగతావాటికి కొంచెం కొంచెంగా హద్దు పెంచాడు. చిట్టచివరి ఊరు ఆత్మకూరు దాకా పోవడానికి రెండేళ్లు పట్టింది. ఎక్కడా పాలు విరగలేదు, కాబట్టి ఎవరూ వాడిని మెచ్చుకోలేదు. కేతేపల్లిలో పిల్లలు మాత్రం బండి చప్పుడు వినగానే “పెరుగో, పెరుగు!” అని అరిచేవారు. వాడు ఆగి, “ఎన్ని గిన్నెలు గావాల్రా?” అని అడిగేవాడు.

ఒకనాడు పొద్దున ఆ బండి స్టార్టు చేస్తూనే ఛాతీ పట్టుకొని కూర్చున్నాడు. దవాఖానకు తీసుకుపోతుంటే నడుమ దారిలోనే అయిపోయింది. నలభై దాటలేదు.

సంతాప సభలో పరశురాములు సారు వాడిని ‘సంఘం కుటుంబ సభ్యుడు’ అన్నాడు. పెద్ద కర్మ కాకముందే ఏజెన్సీ నుంచి సుస్మితకు ఫోను వచ్చింది. ఇన్నేళ్లలో ఆ ఏజెన్సీ మనిషి గొంతు మేం వినడం అదే మొదటిసారి. వాడి ఐడీ కార్డు వాపసు ఇవ్వాలట. ఇచ్చాం.

ఫోను మాత్రం వాడిదే. దాన్ని నాయిన తీసుకున్నాడు. తన ఫోను పాడైందని చెప్పాడు గానీ, అది బాగానే ఉంది. రోజూ పొద్దున పాలు పోశాక ఇంటికి రాడు. ట్యాంకు పక్కన గోడకు ఆనుకొని కూర్చుంటాడు. జేబులోని ఫోను దానంతట అదే కేంద్రం వైఫైని పట్టుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే నల్లగొండ నుంచి తలుపులు తట్టడం మొదలవుతుంది.

ఈమధ్య రూప ఫోను చేసింది. ఆమె పర్మినెంటయింది. తమ్ముడి పని ఇప్పుడు ఆమెదే.

“అక్కా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. కేతేపల్లి లెక్కల రోజు అన్న పేరు వస్తాంది. అన్న పోయినకాడికెల్లి ఒక్కనాడు తప్పలేదు. పరశురాములు సారు రిటైరై పోయిండు గానీ, అన్న మాత్రం రోజు డ్యూటీల ఉంటుండు.” నవ్వబోయింది, నవ్వు రాలేదు. “తీసెయ్యాల్నా?”

“ఆగు రూపా,” అన్నాను.

మొన్న ఊరికి పోయినప్పుడు కేంద్రం దాకా నడిచి వెళ్లాను. నాయిన ట్యాంకు పక్కనే ఉన్నాడు. కళ్లు మూయలేదు. మోటరు చెవులు తూట్లు పడేలా మోగుతోంది. లీలమ్మ క్యాన్లు కడుగుతూ విసుక్కుంది.

“ఇగ లెవ్వు మామా, ఎండెక్కింది. రోజు గిదే పనా? మోత ఆగితె ఇప్పుడు ఎవలకు ఫోను జేస్తవు?”

నాయిన జేబు మీద చేయి వేసుకున్నాడు.

“ఆగనియ్యి గద లీలా, అప్పుడు సూద్దాం,” అన్నాడు.